సముద్రం నుంచి సముద్రానికి: మా సైకిల్ క్లబ్ సేవాయాత్ర

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, పడమటి తీరాన ఉన్న వైట్‌హేవెన్ రేవు నుంచి తూర్పు తీరాన ఉన్న సండర్లాండ్ వరకు, లేక్ డిస్ట్రిక్ట్ కొండలనూ పెన్నైన్ పర్వతాలనూ దాటుకుంటూ సాగే సైకిల్ మార్గం ఒకటి ఉంది. దాన్ని అందరూ ‘సీ టు సీ’ అంటారు. పొడవు దాదాపు 140 మైళ్లు, అంటే ఇంచుమించు 225 కిలోమీటర్లు. బ్రిస్టల్ నగరంలో 1977లో మొదలైన సస్ట్రాన్స్ అనే స్వచ్ఛంద సంస్థ, రైళ్లు ఆగిపోయి ముళ్లపొదలు కమ్మేసిన పాత రైలు కట్టలనూ, బండ్లు అంతగా తిరగని పల్లె రోడ్లనూ కలుపుతూ 1994లో ఈ మార్గాన్ని ప్రారంభించింది. బయలుదేరేటప్పుడు వెనక చక్రాన్ని పడమటి సముద్రంలో తడపడం, చేరుకున్నాక ముందు చక్రాన్ని తూర్పు సముద్రంలో తడపడం ఇక్కడి ఆనవాయితీ. ఈ ప్రాంతంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కనుక దాదాపు అందరూ పడమర నుంచి తూర్పుకే తొక్కుతారు. విరాళాల కోసం సైకిల్ యాత్ర చేసేవాళ్లకు బాగా అలవాటైన ఈ దారినే మా క్లబ్ ఈసారి తన వార్షిక సేవాయాత్రకు ఎంచుకుంది.

మా క్లబ్ గురించి కొంత చెప్పాలి. వారాంతాల్లో కలిసి తొక్కడంతో పాటు, నెలకోసారి సామాజిక భవనంలో బల్లలు వేసుకుని ఎవరు తెచ్చిన సైకిలైనా ఉచితంగా బాగుచేయడం, జనం వద్దనుకున్న సైకిళ్లను విప్పి, తుడిచి, కేబుళ్లూ బ్రేకు కట్టలూ మార్చి శరణార్థి కుటుంబాలకూ బస్సు ఛార్జీ కూడా భారమైనవాళ్లకూ అందించడం, చూపు లేనివాళ్లను ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిల్ మీద తీసుకెళ్లడం ఏడాది పొడవునా సాగే పనులు. ఈ యాత్రలో వచ్చే విరాళాల్లో పెద్ద భాగం ఉత్తర ఇంగ్లండ్‌లో పనిచేసే గ్రేట్ నార్త్ ఎయిర్ అంబులెన్స్ సంస్థకు, మిగిలినది మా టాండెమ్ పనికి అని ముందే ప్రకటించాం. బస, తిండి, సామాను వ్యాన్ డీజిల్ ఖర్చులన్నీ తొక్కేవాళ్లు సొంత జేబులోంచే పెట్టుకోవాలన్నది క్లబ్ నియమం. విరాళంగా వచ్చిన సొమ్ములో కొంత భాగాన్ని యాత్రికుల విమాన టిక్కెట్లకూ హోటళ్లకూ వాడే సేవాయాత్రలు ఉన్నాయి. అలాంటి ఏర్పాటు చట్టానికి లోబడే ఉండవచ్చు గానీ, ఇచ్చినవాళ్లు ఏమనుకుని ఇచ్చారో తలుచుకుంటే నా మనసు దానికి ఒప్పుకోదు. మా నియమాన్ని నేను ఇష్టంగా పాటిస్తాను.

మొదటి రోజు: వైట్‌హేవెన్ నుంచి కెజిక్

వైట్‌హేవెన్ ఒకప్పుడు బొగ్గు రేవు. ఇక్కడి గనుల సొరంగాలు సముద్రం అడుగుకు కూడా సాగాయి. వాటిలో చివరిదైన హేగ్ గని 1986లో మూతపడింది. ఉదయం రేవు వాలు మీద అందరూ చేరాక మా నాయకుడు ప్రతి సైకిల్‌నూ తానే పరీక్షించారు. టైరును బొటనవేలితో నొక్కి చూడడం, బ్రేకు పట్టి బండిని ముందుకు నెట్టడం, చైను మీద వేలు పెట్టి పెడల్‌ను వెనక్కి తిప్పడం, ఇంతే పని. కానీ అనుభవం ఉన్నవాళ్ల బండినీ కొత్తవాళ్ల బండినీ ఒకే ఓపికతో చూశారు కాబట్టి, కిందటేడాదే మా శిక్షణ తరగతిలో సైకిల్ నేర్చుకున్న ఒక నర్సు తన బండికి బ్రేకు కట్ట అరిగిందని చెప్పించుకోవడానికి సిగ్గుపడలేదు. అక్కడే మార్చేశారు.

టాండెమ్ మీద ముందు కూర్చుని నడిపేవారిని పైలట్ అనీ, వెనక కూర్చుని తొక్కేవారిని స్టోకర్ అనీ అంటారు. నేను పైలట్‌ని. మధ్యవయసులో చూపు కోల్పోయిన ఒకావిడ నా స్టోకర్. ఇద్దరి పెడళ్లనూ ఎడమ పక్కన ఒక చైను కలుపుతుంది కాబట్టి ఒకరు తొక్కడం ఆపితే ఇంకొకరి కాళ్లూ ఆగిపోతాయి. అందుకని పైలట్ నోరు మూసుకుని నడపకూడదు. గతుకు వస్తోంది, గేరు మారుస్తున్నాను, కుడికి తిరుగుతున్నాం, కాళ్లు ఆపండి అని ప్రతి కదలికనూ ముందుగా చెప్పాలి. మొదట్లో నా మాటలు ఆజ్ఞల్లా ఉండేవి. ఆవిడ నవ్వుతూ, దారిలో ఏముందో కూడా చెప్పమన్నారు. ఆ తరువాత గొర్రెల మందలూ రాతి గోడలూ మబ్బుల రంగూ అన్నీ మా ప్రయాణపు మాటల్లో కలిశాయి.

వైట్‌హేవెన్ నుంచి రౌరా దాకా దారి పాత రైలు కట్ట మీదే నడుస్తుంది. ఇనుప ఖనిజాన్నీ సున్నపురాయినీ మోసిన బరువైన రైళ్ల కోసం వేసిన కట్ట కనుక ఎక్కడా నిటారు ఎక్కుడు లేదు, కొత్తవాళ్లకు కాళ్లు కుదురుకోవడానికి ఇంతకన్నా మంచి ఆరంభం దొరకదు. ఆ తరువాత లోస్‌వాటర్ సరస్సు పక్కన, లార్టన్ లోయ గుండా సాగి, అడవి మధ్య 318 మీటర్ల ఎత్తున ఉన్న విన్‌లాటర్ కనుమ ఎక్కాం. నర్సు సగం దూరం బండి దిగి నడిచారు. గుంపు చివర పసుపు జాకెట్ వేసుకుని వచ్చే సభ్యుడు కూడా దిగి ఆవిడ పక్కనే నడిచాడు. అందరికన్నా వెనక వచ్చేవారిని ఒంటరిగా వదలకూడదన్నది ఆయన బాధ్యత. కనుమ మీద మేమంతా కోట్లు వేసుకుని వాళ్ల కోసం ఆగాం. ఆగినంతసేపు ఎవరూ గడియారం చూడలేదు.

సాయంత్రం కెజిక్ చేరాం. కొండల్లో దారితప్పినవాళ్లనూ జారిపడినవాళ్లనూ వెతికి తెచ్చే పర్వత రక్షక దళం ఈ ఊళ్లో ఉంది. ఇంగ్లండ్‌లో ఈ దళాల సభ్యులంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులే. కొండ మీద ప్రమాదం జరిగినవాళ్లు అత్యవసర నంబరు 999కు ఫోన్ చేస్తే పోలీసులు దళానికి కబురు పెడతారు. వాళ్లు ఉద్యోగాలూ భోజనాలూ వదిలి బయలుదేరతారు. కాపాడినందుకు ఎవరి దగ్గరా రుసుము తీసుకోరు. తాళ్లు, స్ట్రెచర్లు, బండ్లు విరాళాలతోనే సమకూరుతాయి. ఇంత సంపన్నమైన దేశంలో అత్యవసర రక్షణలో ఒక భాగం మామూలు మనుషుల ఇష్టపూర్వకమైన శ్రమ మీద, చిల్లర డబ్బుల మీద నడుస్తోందన్న సంగతి ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు నమ్మశక్యం కాలేదు.

రెండో రోజు: కెజిక్ నుంచి లాంగ్‌వత్‌బీ

నాలుగు రోజుల్లోనూ నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఈ ఉదయం తొక్కిన కెజిక్–థ్రెల్‌కెల్డ్ దారి. గ్రేటా నది ఇరుకైన లోయలో మెలికలు తిరుగుతుంటే, పాత రైలు మార్గం దాన్ని మళ్లీమళ్లీ దాటుతూ వెళ్తుంది. తూర్పున డర్హమ్ ప్రాంతంలో బొగ్గు నుంచి తయారైన కోకు అనే ఇంధనాన్ని పడమటి ఇనుప కొలుములకు చేర్చడం కోసం 1860లలో కట్టిన ఆ మార్గానికి ఇంజినీరు థామస్ బౌచ్. స్కాట్లండ్‌లో ఆయన కట్టిన టే వంతెన 1879లో తుఫానుకు రైలుతో సహా కూలిపోవడంతో ఆయన పేరు అపకీర్తితోనే మిగిలింది. ఈ లోయలో రైళ్లు 1972లో ఆగిపోయాయి, కట్ట నడకదారిగా మారింది. 2015 డిసెంబరులో వచ్చిన డెస్మండ్ తుఫాను వరదకు రెండు వంతెనలు కొట్టుకుపోయి దారి తెగిపోయింది. దాదాపు 80 లక్షల పౌండ్ల ఖర్చుతో తిరిగి నిర్మించి 2020 డిసెంబరులో తెరిచారు. పక్కన హైవే కట్టినప్పుడు పూడ్చేసిన ఒక సొరంగాన్ని కూడా ఈసారి తవ్వి దారిలో కలిపారు.

తిరిగి కట్టినప్పుడు దారిని వెడల్పు చేసి నున్నగా తారు వేయడం మీద గట్టి వాదోపవాదాలు జరిగాయి. ప్రకృతి అందం చెడుతుందని అభ్యంతరపెట్టినవాళ్ల ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఆ ఉదయం వంతెన మీద మాకు ఎదురైన దృశ్యం చూశాక నా నిర్ణయం స్థిరపడింది. ఒక పెద్దావిడ బ్యాటరీ చక్రాల కుర్చీలో, పక్కన నడుస్తున్న మనవడితో పోటీ పడుతూ వస్తున్నారు. గులకరాళ్ల బాట మీద ఆ కుర్చీ పది గజాలు కూడా కదలదు. సొరంగంలో ప్రవేశించగానే నా స్టోకర్ గాలి చల్లబడడం గమనించి, గొంతెత్తి ఒక కూత పెట్టి, ప్రతిధ్వని వచ్చే తీరును బట్టి సొరంగం పొడవును అంచనా వేయడానికి ప్రయత్నించారు. మా వెనకున్నవాళ్లంతా ఆవిడతో గొంతు కలిపారు.

గ్రేస్టోక్ మీదుగా, ఎర్ర ఇసుకరాతి భవనాల పెన్రిత్ పట్నం దాటి, ఈడెన్ లోయలోకి దిగాం. ఈ మధ్యాహ్నపు రోడ్లు ఇరుకు, కంచెలు ఎత్తు. ఇక్కడి రహదారి నియమావళిలో 2022లో చేసిన మార్పుల ప్రకారం, గంటకు 30 మైళ్ల లోపు వేగంతో సైకిల్‌ను దాటే కారు కనీసం ఒకటిన్నర మీటర్ల దూరం పాటించాలి. చాలామంది పాటించారు కూడా. వెనక ట్రాక్టరు చేరినప్పుడల్లా మా నాయకుడు గుంపును పక్కకు ఆపి దారి ఇచ్చారు. క్లబ్ జెర్సీ మీద స్వచ్ఛంద సంస్థ పేరు వేసుకుని తిరిగేటప్పుడు మన మొండితనం ఆ సంస్థ ఖాతాలో పడుతుందని ఆయన తరచుగా అంటారు.

లాంగ్‌వత్‌బీ మా బస. మేము విరాళాలు సేకరిస్తున్న ఎయిర్ అంబులెన్స్ సంస్థకు చెందిన ఒక స్థావరం ఈ చిన్న పల్లెలోనే ఉండడం దారిని ఎంచుకోవడానికి ముఖ్య కారణం. ఈ దేశంలో రోడ్డు అంబులెన్సు ప్రభుత్వ ఆరోగ్య సేవలో భాగం. హెలికాప్టర్ అంబులెన్సును మాత్రం స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది, దాని ఇంధనానికీ సిబ్బందికీ కావలసిన డబ్బు జనం దగ్గర నుంచే రావాలి. అందులో వైద్యులూ పారామెడిక్‌లూ ఉంటారు, ఎక్కించడానికి రక్తం కూడా ఉంటుంది. రోగిని తొందరగా ఆసుపత్రికి చేర్చడం ఒక పని అయితే, ఆసుపత్రిలో చేసే చికిత్సను పొలంలోనో కొండ అంచునో ఉన్న రోగి దగ్గరికే తీసుకెళ్లడం అంతకన్నా పెద్ద పని. ఆసుపత్రి గంట ప్రయాణ దూరంలో ఉండే ఇలాంటి లోయల్లో రక్తం పోతున్న మనిషికి ఆ తేడా ప్రాణమంత విలువైనది.

మేము ఊరి పచ్చిక మైదానంలో టీ తాగుతుండగా హెలికాప్టర్ లేచింది. ఎవరికో ఏదో జరిగిందన్న ఆలోచనతో మా మాటలు ఆగిపోయాయి. మా నర్సు మెల్లగా, పై నుంచి దిగేవాళ్లు ముందు ఏం చూస్తారో, శ్వాసనాళం నుంచి మొదలుపెట్టి ఏ వరసలో పరీక్షిస్తారో మాకు వివరించారు. విన్‌లాటర్ ఎక్కలేక నడిచిన ఆవిడ ఆ పది నిమిషాల్లో మా అందరికీ గురువు అయ్యారు.

మూడో రోజు: లాంగ్‌వత్‌బీ నుంచి అలెన్‌హెడ్స్

ఈ రోజంతా ఎక్కుడే. ఈడెన్ లోయ అడుగు నుంచి 580 మీటర్ల ఎత్తున్న హార్ట్‌సైడ్ శిఖరం దాకా గంటల తరబడి ఎక్కాలి. పక్కనే ఉన్న క్రాస్ ఫెల్ కొండ, 893 మీటర్లు, పెన్నైన్ శ్రేణిలో అన్నిటికన్నా ఎత్తైనది. దాని వాలు మీదుగా ఈశాన్యం నుంచి కొట్టే గాలికి ‘హెల్మ్’ అని పేరు. బ్రిటన్‌లో సొంత పేరున్న గాలి ఇదొక్కటే. ఆ గాలి లేచిన రోజున తూర్పుకు వెళ్లే సైకిల్ యాత్రికుడి కష్టం చెప్పనలవి కాదు. మా అదృష్టం కొద్దీ ఆ ఉదయం మందమైన పడమటి గాలి మా వీపు తట్టింది. టాండెమ్ ఎక్కుడులో నెమ్మది, దిగుడులో వడి. అందుకే ఒంటరి సైకిళ్లన్నీ మమ్మల్ని దాటిపోయాయి, నాయకుడు మాత్రం మాకన్నా వెనకే ఉన్నారు. శిఖరం మీద ఎన్నో ఏళ్లు సైకిలువాళ్లకూ మోటారుసైకిలువాళ్లకూ ఆశ్రయమిచ్చిన కెఫే 2018లో కాలిపోయింది. మా వ్యాన్ నడిపే పెద్దాయన అక్కడ బండి ఆపి, వెనక తలుపు తెరిచి, ఫ్లాస్కుల్లోంచి టీ పోస్తూ నిలబడ్డారు. పడమర వైపు లేక్ డిస్ట్రిక్ట్ కొండలూ, సాల్వే అఖాతమూ, దాని అవతల స్కాట్లండ్ కొండలూ కనిపిస్తున్నాయని నేను చెబుతుంటే, నా స్టోకర్ ఎండ పడే పక్కకు మొహం తిప్పి ఏది ఏ దిక్కున ఉందో చేతితో సరిచూసుకున్నారు.

అక్కడి నుంచి నెంట్‌హెడ్‌కు దిగాం. సీసం గనుల కోసం వెలిసిన ఊరు ఇది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల ఆధ్వర్యంలో నడిచిన లండన్ లెడ్ కంపెనీ ఇక్కడ గని కార్మికులకు ఇళ్లూ బడీ చదువుకునే గదీ కట్టించింది. గనులు పోయాయి. ఊరు మాత్రం మిగిలింది.

నెంట్‌హెడ్ దాటగానే బ్లాక్ హిల్ మొదలైంది. 609 మీటర్లు, మొత్తం దారిలో ఇదే అత్యంత ఎత్తు. సగం ఎక్కాక మా టాండెమ్ వెనక చైను ఫట్‌మని తెగింది. ఇద్దరి బలమూ ఒకే చైను మీద పడే బండికి నిటారు ఎక్కుడులో ఇది జరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. చేతులు గడ్డకట్టే చలిలో, బండిని గోడకు ఆనించి, వంగిపోయిన లంకెను చైను టూలుతో నెట్టి తీసేసి, రెండు కొసలనూ దగ్గరికి లాగి, వాటిని కలిపే క్విక్ లింక్ అనే విడి లంకెను తగిలించాలి. కొసలు జారిపోకుండా పట్టుకునే పని నా స్టోకర్ తీసుకున్నారు. చలికి నా వేళ్లకు స్పర్శ పోయింది. లంకె రంధ్రం ఎక్కడుందో ఆవిడ వేళ్లే నాకన్నా స్పష్టంగా కనిపెట్టాయి. ఆవిడే క్విక్ లింక్‌ను కూర్చారు. నేను వెనక బ్రేకు బిగించి పెడల్‌ను ఒక్క తొక్కు తొక్కితే లింక్ క్లిక్‌మని సర్దుకుంది. ఆవిడకు సహాయం చేయడానికి వచ్చామని అనుకునేవాళ్లు ఒకసారి ఆ రోడ్డు పక్కన నిలబడి చూడాలి.

అలెన్‌హెడ్స్‌లో బస. ఆ రాత్రి అందరూ తొందరగా నిద్రపోయారు.

నాలుగో రోజు: అలెన్‌హెడ్స్ నుంచి సండర్లాండ్

అన్నిటికన్నా దూరం ఎక్కువైన రోజు ఇదే. మొదట డర్హమ్ సరిహద్దు దాకా ఎక్కి రూక్‌హోప్‌కు దిగి, మళ్లీ బీడు కొండల మీదికి ఎక్కాలి. పాత రైలు కట్ట మీద వాస్కర్లీ దారి పట్టుకున్నాక మాత్రం దాదాపు సముద్రం దాకా దిగుడే. కాన్సెట్ ముంగిట హౌన్స్‌గిల్ వంతెన దాటాం. లోతైన లోయ మీద సన్నని ఇటుక స్తంభాలతో నిలిచిన ఈ వంతెన 1858 నాటిది. దీని రూపకర్త కూడా థామస్ బౌచ్. కూలిన ఒక్క వంతెన పేరుతోనే లోకం తలుచుకునే ఆ ఇంజినీరు కట్టిన దాని మీదుగా ఈ రోజుకీ సైకిళ్లు నిశ్చింతగా వెళ్తున్నాయి.

కాన్సెట్ ఉక్కు కర్మాగారం 1980లో మూతపడి వేలమంది ఒక్కసారిగా పని కోల్పోయారు. కర్మాగారం ఉన్న చోట ఇప్పుడు ఇళ్లూ దుకాణాలూ పచ్చికా ఉన్నాయి. శిల్పి టోనీ క్రాగ్ సర్వే పరికరాల ఆకారంలో చేసిన రెండు స్టీలు శిల్పాలు దారి పక్కన మెరుస్తున్నాయి. మేము వాటి నీడలో ఆగి ఉండగా, కుక్కతో నడుస్తున్న ఒక వృద్ధుడు మా జెర్సీల మీద పేరు చదివి, జేబులోంచి చిల్లర తీశారు. వీధుల్లో డబ్బా పట్టుకుని చందా అడగాలంటే స్థానిక కౌన్సిల్ నుంచి అనుమతి ఉండాలి. మాకు అది లేదు, మేము అడగనూ లేదు. అయినా ఆయన ఇస్తానంటే మా కోశాధికారి స్పాన్సర్ పత్రం తీసి ఆయన పేరూ మొత్తమూ రాశారు. దాని చివరి గడి గిఫ్ట్ ఎయిడ్‌ది. పన్ను కట్టే దాత పూర్తి పేరూ ఇంటి చిరునామా రాసి ఆ గడిలో గుర్తు పెడితే, ఆయన ఇచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు అదనంగా ఆ సంస్థకు చేరతాయి. ఆ వృద్ధుడు తన పింఛను పన్ను కట్టేంత లేదని చెప్పారు. కోశాధికారి ఆ గడిని ఖాళీగా వదిలేసి, ఆయన ముందే మొత్తాన్ని బిగ్గరగా చదివి, సరేననిపించుకున్నారు. గుర్తు పెట్టి ఉంటే సంస్థకు ఇంకొన్ని పెన్నీలు వచ్చేవి, ఎవరూ పట్టుకునేవారూ కాదు. లెక్కలో అంత నిక్కచ్చిగా ఉండడం వల్లనే మా ఊరివాళ్లు ఏటా అడగకముందే మా పత్రం మీద సంతకం పెడుతున్నారని నా నమ్మకం.

చెస్టర్-లె-స్ట్రీట్ అంచున సాగి, ఆ తరువాత కొండ మీద గ్రీకు గుడిలా నిలిచిన పెన్‌షా స్మారకాన్ని చూస్తూ, వియర్ నది ఒడ్డున సండర్లాండ్ చేరాం. నర్సు ఈ రోజు బండి దిగలేదు. రోకర్ తీరంలో ఇసుక మీద బండ్లను మోసుకెళ్లి ఆనవాయితీ తీర్చుకున్నాం. ఈ రేవులో కూడా రక్షక పడవ కేంద్రం ఉంది. 1824లో ఏర్పడిన ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆ పడవల సిబ్బందిలోనూ ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులే. కొండల్లో వెతికేవాళ్లు, ఆకాశంలో ఎగిరి వచ్చేవాళ్లు, సముద్రంలోకి దూకేవాళ్లు, ముగ్గురినీ నిలబెడుతున్నది ఇలాంటి పత్రాల మీద రాసిన చిన్న చిన్న మొత్తాలే. మేము తొక్కిన దారిలో చాలా భాగం కూడా అలా పుట్టినదే.

తిరిగి వచ్చాక

తరువాతి వారం సామాజిక భవనంలో లెక్కల సమావేశం జరిగింది. కోశాధికారి విరాళాలనూ, వేరే పుస్తకంలో యాత్ర ఖర్చులనూ చదివి వినిపించారు. వ్యాన్ డీజిల్‌కు మేము వేసుకున్న వంతుల్లో కొంత మిగిలితే, దాన్ని వెనక్కి తీసుకోవాలా టాండెమ్‌కు కొత్త చైను కొనాలా అని అడిగారు. చైనుకే అందరూ చెయ్యెత్తారు. దాతలందరికీ మొత్తం ఎంత వచ్చిందో, ఎక్కడికి ఎంత పంపామో తెలిపే ఉత్తరాలు మడిచి కవర్లలో పెట్టాం. వచ్చే నెల ప్రాథమిక పాఠశాలలో పిల్లల సైకిళ్లు బాగుచేసే రోజుకు పనిముట్ల జాబితా తయారైంది. టాండెమ్ పైలట్ల శిక్షణ తరగతిని ఈసారి నా స్టోకరే నిర్వహిస్తారు. పైలట్‌కు ఏం చెప్పాలో వెనక సీటువాళ్లకే బాగా తెలుసని ఆవిడ అంటే ఎవరూ కాదనలేకపోయారు. ఆ తరగతికి మొదట పేరు ఇచ్చినది నాలుగు రోజులూ మా సామాను వ్యాన్ నడిపిన పెద్దాయన.